తరచూ మారే పెద్ద డేటాబేస్‌ల నిల్వ, నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటా ఎంత పెరుగుతుందో అందరూ ముందే లెక్క వేసుకుంటారు. ఎంత మారుతుందో మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు. రాత్రీ పగలూ రికార్డులు చేరుతూ, మారుతూ, పోతూ ఉండే టేబుల్‌లో డిస్క్ తినేదీ, క్వెరీలను (డేటాని అడిగే ఆదేశాలను) నెమ్మది చేసేదీ ఎక్కువగా ఆ మార్పులు వదిలే చెత్తే. ఇక్కడి జవాబులు ప్రధానంగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మైఎస్‌క్యూఎల్‌లో డేటా నిల్వ చూసే ఇన్నోడీబీ, కసాండ్రా అనే ఇంకో డేటాబేస్ వేరేగా పనిచేసే చోట ఆ తేడా కూడా చెప్పాను.

ఎన్ని జీబీలు దాటితే "పెద్ద డేటాబేస్" అనాలి?

జీబీల్లో గీత గీయడం వల్ల ఉపయోగం లేదు. ఐదు టెరాబైట్లున్నా అందులో ఎక్కువ భాగం ఎవరూ ముట్టుకోని పాత రికార్డులైతే పెద్ద కష్టం ఉండదు. రెండు వందల జీబీలే ఉన్నా, అందులో సగం రోజూ మారుతుంటే పని బోలెడు. రెండు విషయాలు చూసుకోండి. తరచుగా వాడే డేటా, దాని ఇండెక్స్‌లు (రికార్డులను త్వరగా వెతికిపెట్టే సూచికలు) మెమరీలో పట్టేలా ఉన్నాయా? సెకనుకు ఎన్ని రికార్డులు మారుతున్నాయి? మొదటిది పట్టనప్పుడు, రెండోది శుభ్రం చేసే వేగాన్ని మించినప్పుడు మీది పెద్ద డేటాబేస్ అయినట్టే.

కోటి రికార్డులు డిలీట్ చేశాను. డిస్క్‌లో ఖాళీ ఒక్క జీబీ కూడా పెరగలేదు. ఎందుకు?

డిలీట్ చేసిన రికార్డు వెంటనే ఎక్కడికీ పోదు కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ అంటే ఆ రికార్డు మీద "ఫలానా ట్రాన్సాక్షన్ దీన్ని తీసేసింది" అని గుర్తు పెట్టడమే. ట్రాన్సాక్షన్ అంటే ఒకే పనిగా జరిగే మార్పుల కట్ట, కమిట్ చేస్తే అది ఖాయమవుతుంది. అప్పటికే నడుస్తున్న వేరే క్వెరీకి ఆ పాత రికార్డు కనిపించాల్సి ఉండవచ్చు. ఆ అవసరం పూర్తిగా తీరాక వాక్యూమ్ అనే శుభ్రం చేసే ప్రక్రియ వచ్చి ఆ చోటును ఖాళీగా రాసుకుంటుంది. ఆ ఖాళీ కూడా అదే టేబుల్‌లో చేరబోయే కొత్త రికార్డుల కోసమే తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కి తిరిగి రాదు. ఫైల్ చివరి పేజీలు (ఫైల్‌ని విడగొట్టే సమాన సైజు ముక్కలు) పూర్తిగా ఖాళీ అయితే మాత్రం వాటిని కోసి ఇచ్చేస్తుంది. మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా ఫైల్ సైజు తగ్గదు.

ఇన్నోడీబీలోనూ కథ దాదాపు ఇదే. రికార్డుకు డిలీట్ గుర్తు పడుతుంది, వెనకాల పర్జ్ థ్రెడ్లు వచ్చి తీస్తాయి, టేబుల్ ఫైల్ మాత్రం కుదించుకోదు.

అయితే దీన్ని సమస్య అనుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. రేపు మళ్లీ కోటి రికార్డులు వచ్చేదుంటే ఆ ఖాళీ అక్కడ ఉండటమే మంచిది. ఇక ఎప్పటికీ నిండదు అనుకుంటేనే టేబుల్‌ని తిరగరాయాలి. వాక్యూమ్ ఫుల్ ఆ పని చేస్తుంది కానీ, అది నడిచినంతసేపూ టేబుల్‌ని చదవడానికి కూడా వీలుండదు. పైగా కొత్త కాపీ రాయడానికి డిస్క్‌లో అంత చోటూ కావాలి. సర్వీసు ఆపకూడదంటే పీజీ_రీప్యాక్ అనే టూల్ వాడండి. దానికి టేబుల్‌లో ప్రైమరీ కీ (ఒక్కో రికార్డునూ విడిగా గుర్తుపట్టే కాలమ్) గానీ, నల్‌లు (ఖాళీ విలువలు) లేని యూనిక్ కీ గానీ ఉండాలి. టేబుల్‌ని ఇతరులు వాడకుండా ఆపే లాక్ అవసరం మొదట్లో, చివర్లో కాసేపే. ఇన్నోడీబీలో తిరగరాయడానికి ఆప్టిమైజ్ టేబుల్ అనే కమాండ్ ఉంది.

అప్‌డేట్ చేస్తే ఉన్నచోటే మారిపోతుంది కదా, చెత్త ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్నోడీబీ మామూలుగా ఉన్నచోటే మార్చి, పాత విలువను అన్‌డూ లాగ్‌లో పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ అలా కాదు. ఒక్క కాలమ్ మారినా రికార్డు మొత్తానికీ కొత్త కాపీ రాస్తుంది, పాతది చెత్తగా మిగులుతుంది. ఆ కొత్త కాపీ కోసం టేబుల్ మీదున్న ప్రతి ఇండెక్స్‌లోనూ కొత్త ఎంట్రీ పడాలి, మారిన కాలమ్‌కీ ఆ ఇండెక్స్‌కీ ఏ సంబంధం లేకపోయినా సరే.

ఈ భారం తగ్గించడానికి 2008లో వచ్చిన 8.3 వెర్షన్‌లో హాట్ అప్‌డేట్ అనే ఏర్పాటు తెచ్చారు. రెండు షరతులు. మారిన కాలమ్ మామూలు ఇండెక్స్ వేటిలోనూ ఉండకూడదు, కొత్త కాపీ అదే పేజీలో పట్టాలి. రెండూ కుదిరితే ఇండెక్స్‌లను అసలు ముట్టుకోదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. యూజర్ల టేబుల్‌లో ఒక్కో రికార్డు హెడర్‌తో కలిపి 400 బైట్లు. పేజీ 8 కేబీ కాబట్టి పేజీకి దాదాపు 20 రికార్డులు. యూజర్ ఏ పని చేసినా "చివరిగా కనిపించిన సమయం" అనే కాలమ్ మారుతుంది. ఫిల్‌ఫ్యాక్టర్ డిఫాల్ట్‌గా 100, అంటే పేజీని పూర్తిగా నింపేస్తారు. కొత్త కాపీకి అదే పేజీలో చోటు దొరకదు, వేరే పేజీకి పోతుంది, ఇండెక్స్‌లన్నీ కదులుతాయి. ఫిల్‌ఫ్యాక్టర్ 80 పెడితే పేజీలో 16 రికార్డులే నింపి, నాలుగు కాపీలకు సరిపడా చోటు వదులుతారు. ఆ చోటు తిరిగి తిరిగి వాడకంలోకి వస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది: ఎప్పుడో ఒక రిపోర్టు కోసం ఆ సమయం కాలమ్ మీద ఇండెక్స్ పెట్టేస్తారు. దాంతో హాట్ అప్‌డేట్ ఒక్కటి కూడా జరగదు. నన్నడిగితే ఇలాంటి కాలమ్‌ని యూజర్ ఐడీ, సమయం మాత్రమే ఉండే చిన్న టేబుల్‌లోకి తీసేయడమే అన్నిటికంటే మంచిది. 400 బైట్లు తిరగరాసే చోట 40 బైట్లతో సరిపోతుంది.

ఫిల్‌ఫ్యాక్టర్ మార్చినా పాత పేజీలు వెంటనే మారవు. కొత్తగా నిండే వాటికే వర్తిస్తుంది.

ఆటోవాక్యూమ్ (తనంతట తానే నడిచే వాక్యూమ్) డిస్క్‌ని బాగా వాడేస్తోంది. ఆపేయవచ్చా?

ఆపకండి. ఇబ్బంది పెడుతోందంటే చాలాసార్లు దానర్థం అది ఆలస్యంగా మొదలైందని. డిఫాల్ట్ లెక్క ప్రకారం టేబుల్‌లోని రికార్డుల్లో 20 శాతం, దాని మీద ఇంకో 50 చెత్తగా మారాకే అది కదులుతుంది. పది వేల రికార్డులకు ఈ లెక్క బాగానే ఉంటుంది. 50 కోట్ల రికార్డుల టేబుల్‌కి 10 కోట్లు చెత్తయ్యేదాకా ఎవరూ పట్టించుకోరన్నమాట. మొదలయ్యాక గంటల తరబడి నడుస్తుంది. పెద్ద టేబుళ్లకు విడిగా స్కేల్ ఫ్యాక్టర్‌ని (పైన చెప్పిన 20 శాతం, అంటే 0.2) 0.01కో 0.02కో దించండి. తరచుగా, తక్కువ తక్కువగా శుభ్రం చేస్తే ఒక్కోసారి పడే భారం చిన్నది. 18వ వెర్షన్‌లో దీనికి 10 కోట్ల పైపరిమితి వచ్చింది కానీ, పైన చెప్పిన టేబుల్‌కి అది ఏమీ మార్చదు.

ఆపేస్తే ఇంకో ప్రమాదం ఉంది. ట్రాన్సాక్షన్ నంబర్లు 32 బిట్లవి. పాత రికార్డులను వాక్యూమ్ "ఫ్రీజ్" చేయకపోతే, అంటే ఇవి పాతవేనని శాశ్వతంగా గుర్తు పెట్టకపోతే, దాదాపు 200 కోట్ల ట్రాన్సాక్షన్ల తర్వాత పాతదేదో కొత్తదేదో తెలియని స్థితి వస్తుంది. అందుకే టేబుల్ వయసు 20 కోట్ల ట్రాన్సాక్షన్లు దాటగానే, మీరు ఆపేసినా సరే, ఆటోవాక్యూమ్ బలవంతంగా మొదలవుతుంది. దాన్నీ అడ్డుకుంటూ పోతే చివరికి డేటాబేస్ కొత్త రాతలు తీసుకోవడం మానేస్తుంది. అది డేటాను కాపాడటానికి చేసేదే, కానీ అప్పటికి సర్వీసు ఆగిపోయి ఉంటుంది.

వాక్యూమ్ నడుస్తూనే ఉంది, చెత్త మాత్రం తగ్గట్లేదు. ఏం చూడాలి?

ఎవరో పాత దృశ్యాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఆరు గంటల కిందట మొదలైన ట్రాన్సాక్షన్ ఒకటి ఇంకా తెరిచి ఉంటే, ఆ ఆరు గంటల్లో పుట్టిన చెత్తలో దేన్నీ వాక్యూమ్ తీయలేదు. ఆ ట్రాన్సాక్షన్ ఆ టేబుల్ జోలికే వెళ్లకపోయినా సరే.

వెతకాల్సిన చోట్లు నాలుగు. మొదట ఇప్పుడున్న కనెక్షన్లను చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీలో ట్రాన్సాక్షన్ మొదలైన సమయం చూసి, పాతవి పైకి వచ్చేలా వరస పెట్టండి. గంటల తరబడి నడిచే రిపోర్టు క్వెరీ గానీ, ఏదో రికార్డు మార్చి కమిట్ చేయకుండా వదిలేసిన "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" కనెక్షన్ గానీ దొరుకుతుంది. ఎవరో లాప్‌టాప్‌లో క్వెరీ విండో తెరిచి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. తర్వాత రెప్లికేషన్ స్లాట్లు, అంటే డేటా కాపీ ఉంచుకునే వేరే సర్వర్ (రెప్లికా) ఎక్కడిదాకా మార్పులు అందుకుందో గుర్తుపెట్టుకునే ఏర్పాట్లు. ఆ తర్వాత రెప్లికా మీద హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (తన క్వెరీలకు ఏ పాత రికార్డులు కావాలో అసలు సర్వర్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, అక్కడ నడిచే పొడవాటి క్వెరీ కూడా అసలు సర్వర్ మీది వాక్యూమ్‌ని ఆపుతుంది. చివరిది, ఎవరూ ముగించని ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (కమిట్‌కి సిద్ధం చేసి ఆపి ఉంచినవి).

ఐడిల్ కనెక్షన్లకు టైమ్‌అవుట్ పెట్టేయండి. యాప్ వాళ్లు మొదట్లో గొడవ చేస్తారు, రెండు వారాల్లో కోడ్ సరిచేసుకుంటారు. ఇన్నోడీబీ వాడేవాళ్లు హిస్టరీ లిస్ట్ లెంగ్త్ (ఇంకా శుభ్రం కాని పాత మార్పుల లెక్క) చూడాలి. అది పెరుగుతూ పోతుంటే జబ్బు ఇదే.

ఏడాది దాటిన డేటా రోజూ తీసేయాలి. డిలీట్ కంటే మంచి దారి ఉందా?

ఉంది, అదే పార్టిషన్లు, అంటే ఒకే టేబుల్‌ని విడి విడి ముక్కలుగా ఉంచడం. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

టేబుల్‌ని నెలవారీగానో రోజువారీగానో పార్టిషన్లు చేస్తే, పాత నెలను తీసేయడం అంటే ఒక పార్టిషన్‌ని డ్రాప్ చేయడమే. 30 కోట్ల రికార్డులున్నా క్షణాల్లో పోతాయి. వాక్యూమ్ పని లేదు, ఇండెక్స్‌లో చెత్త లేదు, డిస్క్ చోటు వెంటనే తిరిగి వస్తుంది. అదే 30 కోట్లు డిలీట్ చేస్తే ప్రతి రికార్డుకూ వాల్ అనే మార్పుల లాగ్‌లో రాత, ప్రతి రెప్లికాకూ ఆ లాగ్ పంపడం, తర్వాత వాక్యూమ్, అన్నీ అయ్యాక కూడా తగ్గని ఫైల్ సైజు. అందుకే టేబుల్ గీసేరోజే ఈ డేటా ఎలా వస్తుందో అడిగినట్టే, ఎలా వెళ్లిపోతుందో కూడా అడగాలి. ఆ ప్రశ్న రెండేళ్ల తర్వాత అడిగితే జవాబు చాలా ఖరీదవుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి పార్టిషన్లను నేరుగా ప్రకటించుకోవచ్చు. కొన్ని మెలికలు ఉన్నాయి. ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ కూడా ఉండి తీరాలి. క్వెరీలో తేదీ షరతు లేకపోతే అన్ని పార్టిషన్లూ వెతుకుతుంది, అప్పుడు లాభం కంటే నష్టమే ఎక్కువ. రాబోయే పార్టిషన్లను ముందుగా తయారు చేసే పని ఒక జాబ్‌కి అప్పగించండి, ఆ జాబ్ ఆగితే అలర్ట్ రావాలి. డిఫాల్ట్ పార్టిషన్ (వేరే ఏ పార్టిషన్‌కీ చెందని రికార్డులు పడే చోటు) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అందులో డేటా పడ్డాక అదే తేదీలకు కొత్త పార్టిషన్ చేర్చబోతే ఎర్రర్ వస్తుంది. లైవ్ సిస్టమ్‌లో పార్టిషన్ తీసేటప్పుడు 14వ వెర్షన్ నుంచి ఉన్న డిటాచ్ కంకరెంట్లీ (ఇతర క్వెరీలను ఆపకుండా పార్టిషన్‌ని విడదీసే కమాండ్) వాడి, తర్వాత డ్రాప్ చేయండి. డిఫాల్ట్ పార్టిషన్ ఉంటే మాత్రం కంకరెంట్లీ డిటాచ్ పనిచేయదు. ఇంకొకటి, పార్టిషన్ల పేరెంట్ టేబుల్‌ని ఆటోవాక్యూమ్ అనలైజ్ చేయదు (క్వెరీలకు దారి ఎంచుకోవడానికి కావలసిన గణాంకాలు సేకరించదు), ఆ పని మీరే షెడ్యూల్ చేసుకోవాలి.

ఇప్పటికే పార్టిషన్లు లేని పెద్ద టేబుల్ ఉంది. మరి ఎలా?

ముక్కలుగా డిలీట్ చేయండి. ఐదు వేలో పది వేలో రికార్డులు, కమిట్, చిన్న విరామం, మళ్లీ. "పాతవాటిలో మొదటి ఐదు వేలు" అని ప్రతిసారీ మొదటి నుంచి వెతకకండి. అంతకుముందు తీసేసిన వాటి చెత్త మీదుగా నడుచుకుంటూ రావాలి కాబట్టి ప్రతి విడతా ముందుదాని కంటే నెమ్మదిస్తుంది. చివరగా తీసిన ఐడీ గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి ముందుకు పోండి. రెప్లికా వెనకబడుతుంటే విరామం పెంచండి. ఈ టేబుల్‌ని చూపించే ఫారిన్ కీలు వేరే టేబుళ్లలో ఉంటే, వాటి మీద ఇండెక్స్ ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే ఒక్కో డిలీట్‌కీ ఆ టేబుల్ మొత్తం చదువుతుంది.

టేబుల్‌లో ఉంచాల్సింది కొద్దిగా, తీసేయాల్సింది ఎక్కువగా ఉంటే, కావలసినవి కొత్త పార్టిషన్ టేబుల్‌లోకి కాపీ చేసి పేర్లు మార్చుకోవడమే తక్కువ శ్రమ.

ఇండెక్స్‌లు ఎన్ని ఉండవచ్చు?

వాడేవన్నీ ఉండవచ్చు, వాడనిది ఒక్కటీ ఉండకూడదు. ప్రతి ఇన్సర్ట్‌కీ ప్రతి ఇండెక్స్‌లో ఒక రాత ఉంటుంది. పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో స్కాన్ల సంఖ్య సున్నా ఉన్నవి తీసేయవచ్చు, కానీ తొందరపడకండి. రెప్లికాల మీద వాడుతున్నారేమో అక్కడ విడిగా చూడాలి. సంవత్సరాంతంలో ఒక్కసారే నడిచే రిపోర్టు కోసం ఉందేమో అడగాలి. యూనిక్ ఇండెక్స్‌లను స్కాన్ల లెక్క చూసి తీయకూడదు, అవి డేటా సరిగ్గా ఉండటానికి కాపలా.

ఉబ్బిపోయిన ఇండెక్స్‌ని 12వ వెర్షన్ నుంచి రీఇండెక్స్ కంకరెంట్లీతో రాతలు ఆపకుండా తిరగకట్టవచ్చు. మధ్యలో ఫెయిల్ అయితే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని వెతికి తీసేయాలి. కాలక్రమంలో చేరుతూ పోయే లాగ్ లాంటి టేబుళ్లకు సమయం మీద బ్రిన్ ఇండెక్స్ (పేజీల గుంపుకు కనిష్ఠ, గరిష్ఠ విలువలే రాసుకునేది) పెట్టి చూడండి. మామూలు రకం ఇండెక్స్ అయిన బీ-ట్రీ జీబీల్లో ఉండే చోట అది కేబీల్లోనో కొద్ది ఎంబీల్లోనో సరిపోతుంది.

ప్రైమరీ కీకి యూయూఐడీ (128 బిట్ల విశిష్ట గుర్తు) మంచిదా, నంబరు మంచిదా?

నంబరైతే 64 బిట్లది పెట్టండి. 32 బిట్ల ఇంటిజర్ 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. సెకనుకు వెయ్యి ఇన్సర్ట్‌లైతే ఆ గీత చేరడానికి 25 రోజులు కూడా పట్టదు. ఫెయిలైన ఇన్సర్ట్‌లు కూడా సీక్వెన్స్ నంబర్లను తినేస్తాయి.

యూయూఐడీ కావాలంటే పూర్తి ర్యాండమ్‌గా ఉండే 4వ రకం పెద్ద టేబుళ్లకు వద్దు. ప్రతి కొత్త కీ ఇండెక్స్‌లో ఏదో ఒక మూల పడుతుంది, కాబట్టి ఇండెక్స్ మొత్తం మెమరీలో ఉండాల్సి వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డేటా ఫైళ్లలోకి దించడం) తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు ఆ పేజీ మొత్తం లాగ్‌లోకి వెళ్తుంది కాబట్టి లాగ్ సైజూ ఉబ్బుతుంది. ఇన్నోడీబీలో టేబుల్‌నే ప్రైమరీ కీ వరసలో పేరుస్తారు, ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ ఆ కీ కాపీ ఉంటుంది. అక్కడ దెబ్బ ఇంకా గట్టిది. 2024లో ప్రామాణికమైన 7వ రకం యూయూఐడీలో ముందు భాగం సమయం కాబట్టి కొత్తవన్నీ ఒక పక్కనే చేరతాయి. దాన్ని వాడండి.

ఎల్‌ఎస్‌ఎం రకం డేటాబేస్‌కి మారితే ఈ బాధలన్నీ పోతాయా?

వేరే బాధలొస్తాయి. ఇప్పటిదాకా చెప్పిన ఇండెక్స్‌లకు ఆధారమైన బీ-ట్రీ 1970ల మొదట్లో బోయింగ్ పరిశోధనశాలలో పనిచేసిన బేయర్, మెక్‌క్రైట్‌ల నుంచి వచ్చింది. ఎల్‌ఎస్‌ఎం (లాగ్-స్ట్రక్చర్డ్ మెర్జ్) ట్రీని 1996లో ప్యాట్రిక్ ఓనీల్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. రాతలను మెమరీలో పోగుచేసి, వరస పెట్టి, ఒక్కసారిగా డిస్క్ మీదకు దించి, తర్వాత ఆ ఫైళ్లను కలుపుతూ పోవడం దీని పద్ధతి. రాక్స్‌డీబీ, కసాండ్రా ఈ దారిలోనివే. రాతలు నిజంగా చవకవుతాయి.

కానీ డిలీట్ అంటే ఇక్కడ కూడా ఒక గుర్తు రాయడమే, దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు. కసాండ్రాలో డిఫాల్ట్‌గా 10 రోజులు గడిచేదాకా దాన్ని తీసేయరు. కాసేపు ఆగిపోయి వెనక్కి వచ్చిన నోడ్ (సర్వర్) పాత డేటాను మళ్లీ బతికించకుండా ఈ గడువు. చేర్చడం, చదవడం, వెంటనే తీసేయడం అనే క్యూ పద్ధతిని కసాండ్రాలో పెడితే, పది రికార్డులు చదవడానికి వేల టూంబ్‌స్టోన్లు దాటాల్సి వస్తుంది. ఫైళ్లను కలిపే పని అయిన కాంపాక్షన్‌కి డిస్క్‌లో ఖాళీ కావాలి. దాదాపు ఒకే సైజు ఫైళ్లను కలిపే సైజ్-టియర్డ్ పద్ధతిలో ఒక్కోసారి సగం డిస్క్ దాకా వదలాలి. రాతలు విపరీతంగా, చదవడం కీ ఆధారంగా మాత్రమే ఉండే పనికి మారండి. వాక్యూమ్ అంటే విసుగొచ్చిందని మాత్రం మారకండి.

కాలమ్ చేర్చాలంటే సర్వీసు ఆపాలా?

చాలావరకు అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి స్థిరమైన డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్‌ని తిరగరాయదు. మైఎస్‌క్యూఎల్ 8.0.12 నుంచి అక్కడా ఇన్‌స్టంట్ పద్ధతి ఉంది. ప్రమాదం లాక్ క్యూలో ఉంటుంది. మీ ఆల్టర్ (కాలమ్ చేర్చే కమాండ్) ఒక పొడవాటి సెలెక్ట్ (చదివే క్వెరీ) వెనక ఆగితే, దాని వెనక వచ్చే క్వెరీలన్నీ ఆగిపోతాయి. లాక్ టైమ్‌అవుట్ రెండు మూడు సెకన్లు పెట్టి, కుదరకపోతే మళ్లీ ప్రయత్నించండి.

రోజూ డంప్ (డేటా మొత్తాన్నీ బయటికి రాసిన కాపీ) తీస్తున్నాం. బ్యాకప్‌కి అది చాలదా?

చిన్న డేటాబేస్‌కి చాలు. పెద్దదానికి రెండు ఇబ్బందులు. డంప్ నడిచినంతసేపూ పాత దృశ్యాన్ని పట్టుకుంటుంది, అంటే వాక్యూమ్‌కి అదే పని అడ్డు. పైగా మధ్యాహ్నం ఏదైనా జరిగితే అర్ధరాత్రి నుంచి అప్పటిదాకా మారినదంతా పోయినట్టే, తరచూ మారే డేటాకి అది చాలా పెద్ద నష్టం. బేస్ బ్యాకప్ (డేటా ఫైళ్ల పూర్తి కాపీ) తీసి, వాల్ ఫైళ్లను ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపుతూ ఉంటే, కావలసిన క్షణానికి తిరిగి రావచ్చు. రెప్లికా బ్యాకప్ కాదు. తప్పుడు డిలీట్ క్షణాల్లో అక్కడికీ చేరుతుంది.

తిరిగి పెట్టి చూడని బ్యాకప్‌ని నమ్మకండి. 2017 జనవరి 31న కోడ్ దాచిపెట్టే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో జరిగింది వాళ్లే వివరంగా ప్రకటించారు. రెప్లికా మీద అనుకుని ప్రైమరీ (అసలు సర్వర్) మీదే డేటా డైరెక్టరీ తీసేశారు, దాదాపు 300 జీబీ. రోజువారీ డంప్‌లు అప్పటికే పనిచేయడం లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ అయితే డంప్ తీసే టూల్ 9.2ది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురయ్యాయి. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉంది కాబట్టి దానితో బయటపడ్డారు. వారానికోసారి ఒక జాబ్ బ్యాకప్‌ని ఖాళీ సర్వర్ మీద తిరిగి పెట్టి, కొన్ని టేబుళ్లలో తాజా రికార్డు తేదీ చూసి చెప్పేలా ఏర్పాటు చేసుకోండి.

డిస్క్ నిండిపోయింది, డేటాబేస్ ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

టెన్షన్‌లో చేతులు వెళ్లేది పీజీ_వాల్ డైరెక్టరీ మీదకే, ఎందుకంటే అక్కడ పెద్ద పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని చేత్తో తీసేయకండి. అవి లేకుండా డేటాబేస్ లేవకపోవచ్చు. లేచినా డేటా పాడై ఉండవచ్చు.

ముందు డిస్క్‌నే పెంచండి, క్లౌడ్‌లో అయితే ఇదే అన్నిటికంటే త్వరగా అయ్యే పని. వీలుకాకపోతే అదే డిస్క్ మీద డేటాబేస్‌వి కాని ఫైళ్లు, పాత టెక్స్ట్ లాగ్‌లు తీసి కొంచెం చోటు చేయండి. డేటాబేస్ లేచాక వాల్ ఎందుకు పేరుకుందో చూడండి. చాలాసార్లు ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ ఒకటి దొరుకుతుంది. స్లాట్ ఉన్నంతకాలం సర్వర్ ఆ లాగ్‌ని దాచిపెడుతూనే ఉంటుంది, డిఫాల్ట్‌గా దానికి పరిమితి లేదు. స్లాట్ డ్రాప్ చేసి చెక్‌పాయింట్ నడిపితే చోటు వస్తుంది. 13వ వెర్షన్ నుంచి స్లాట్ల కోసం ఉంచే లాగ్‌కి పరిమితి పెట్టవచ్చు, పెట్టండి. స్లాట్ కాకపోతే వాల్ ఫైళ్లను వేరే చోటికి పంపే ఆర్కైవ్ కమాండ్ ఫెయిలవుతోందేమో చూడండి, అప్పుడు కూడా వాల్ కదలదు.

ఆ తర్వాత వాడని ఇండెక్స్‌లు, పాత పార్టిషన్లు డ్రాప్ చేయండి. వాక్యూమ్ ఫుల్ ఈ సమయంలో పనికిరాదు, దానికే చోటు కావాలి. అలర్ట్‌ని శాతం మీద కాక, మీ అతిపెద్ద టేబుల్‌ని ఇండెక్స్‌లతో సహా తిరగరాయడానికి సరిపడే ఖాళీ తగ్గినప్పుడు మోగేలా మార్చండి.